తండా బడిలో సైన్సు: ఇరవై ఏడేళ్ల అనుభవం

(సంత్ సేవాలాల్ జయంతి సభలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

ఆ వెనక వరసల్లో పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని పదో తరగతి పిల్లలు కూర్చున్నారు. పరీక్షలు నెల రోజుల్లో పెట్టుకుని కూడా వచ్చారంటే, వాళ్లకు పనికొచ్చే మాట ఒకటైనా నేను చెప్పాలి.

సంఘం వాళ్లు నన్ను "మీ ఉద్యోగ జీవితం గురించి మాట్లాడండి సార్" అన్నారు. ఉద్యోగ జీవితం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. 1998 డీఎస్సీలో ఎంపికయ్యాను. ఉరవకొండ వైపు ఒక తండాలో ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. తర్వాత స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చింది, భౌతికశాస్త్రం. మూడు హైస్కూళ్లు మారాను, పోయిన ఏడాది రిటైరయ్యాను. సర్వీసు రిజిస్టరులో ఇంతకంటే ఎక్కువ లేదు. నేను మాట్లాడదలచుకున్నది వేరే సంగతి. మన పిల్లలు లెక్కల్లో, సైన్సులో వెనకబడతారని బయటివాళ్లే కాదు, మనమూ అనుకుంటున్నాం. పదో తరగతి అయ్యాక "మనవాడికి ఎంపీసీ ఎందుకులే, సీఈసీ చాలు" అంటున్నాం. ఆ మాట ఎక్కడ మొదలవుతుందో తరగతి గదిలో నిలబడి చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

అది తెలివి దగ్గర మొదలు కాదు, మాట దగ్గర మొదలవుతుంది.

చేరిన కొత్తలో అయిదో తరగతికి బాష్పీభవనం పాఠం చెబుతున్నా. "బాష్పీభవనం అంటే ఏమిటి?" అని అడిగితే ఒక పిల్లవాడు లేచి పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలూ ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాడు. "సరే, కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి?" అన్నా. గదిలో చప్పుడు లేదు. అదే ప్రశ్న మన గోర్ బోలిలో అడిగా. ఒక్కసారిగా అయిదారు చేతులు లేచాయి. అందులో ఒక పాప చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: కొత్త కుండకు చెమట పడుతుంది, పాత కుండకు పట్టదు, అందుకే పాత కుండలో నీళ్లు చల్లబడవు, మా అమ్మ దాన్ని గింజలు పోసుకోడానికి వాడుతుంది.

చూడండి. మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆ ఉప్పులు పేరుకుని కుండ సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. నీరు బయటికి ఊరదు, ఊరకపోతే ఆవిరి కాదు, ఆవిరి కాకపోతే లోపలి వేడి బయటికి పోదు. పుస్తకంలో ఆ పాత కుండ లేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఇంట్లో చూసి, రెండు కుండలను పోల్చి, కారణం దాకా వచ్చింది. పరిశీలన, పోలిక, కారణం. సైన్సు అంటే ఇంతకంటే ఏముంది? కానీ ఆ పిల్లకు తెలుగులో రాసిన పరీక్షలో సున్నా వచ్చేది.

ఇందులో ఒక చిక్కు ఉంది. మన జిల్లాలో చాలామందికి అర్థం కానిది అదే. ఊరి పిల్లవాడికి ఇంట్లో మాట తెలుగు, పుస్తకంలో మాట కూడా తెలుగే, కొంచెం సంస్కృతం కలిసిన తెలుగు. "కిరణజన్య సంయోగక్రియ", "బాష్పోత్సేకం", "విద్యుద్విశ్లేషణ" వాడికీ కష్టమే. కాకపోతే వాడు ఒక మెట్టు ఎక్కితే చాలు. మన పిల్ల మొదట తెలుగు మెట్టు ఎక్కాలి, తర్వాత ఆ సంస్కృతం మెట్టు ఎక్కాలి. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చాక మూడోది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేశారు. మంచిదే, నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను, మన పిల్లలకు అది తప్పకుండా రావాలి. కానీ ఒకటో తరగతి తండా పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక అధికారి నేను పిల్లలతో మన భాషలో మాట్లాడడం విన్నారు. "బడిలో ఆ భాషేందయ్యా, తెలుగే రాకపోతే రేపు వీళ్లు ఎక్కడ బతుకుతారు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నిజంగానే పిల్లల మంచి కోరి అన్నారు. "సార్, తెలుగు నేర్పడానికే మా భాష వాడుతున్నా" అన్నా. ఆయనకు నచ్చలేదు. నేనూ మానలేదు.

ఈ విషయంలో ప్రభుత్వం ఏమీ చేయలేదని కూడా అనలేం. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపితోనే, ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చారు. సవర, కోయ, గోండి, కొలామి లాంటి భాషలతో పాటు మన బంజారా కూడా అందులో ఉంది. అయితే అనంతపురం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. అడవులున్న ఏజెన్సీ జిల్లాల్లో గిరిజనులకు ప్రత్యేక యంత్రాంగం ఉంటుంది. ఈ మెట్ట నేలలో చెల్లాచెదురుగా ఉన్న తండాలు మామూలు మండలాల లెక్కలో కలిసిపోతాయి. అందుకే మన సంఘం చేయకపోతే ఇంకెవరో చేస్తారని ఎదురుచూడడం దండగ.

నేను చేసిందేమిటో చెబుతాను. పెద్ద ప్రయోగశాల ఏమీ లేదు. అనంతపురంలో సైన్సుకు కావలసిన మొదటి పరికరం ఆకాశమే కదా.

జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి అని ప్రతి నాయకుడూ ఉపన్యాసంలో చెబుతాడు. ఎందుకు తక్కువ అని ఎవరూ చెప్పరు. నైరుతి మబ్బులు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలా నీళ్లు అవతలి వైపు కురిసేసి, ఇటు దిగేసరికి తేలికైపోతాయి. ఈశాన్య మబ్బులు బంగాళాఖాతం నుంచి వస్తాయి, మనం సముద్రానికి దూరం. అటూ కాక ఇటూ కాక మధ్యలో ఉన్నాం. ఇది భూగోళం, మన తలరాత కాదు. తండాలో ముసలివాళ్లకు ఈ మాట చెప్పినప్పుడు ఒకాయన "అయితే ఇది మన పాపం కాదా అయ్యోరా" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

పిల్లలతో వానమాపకం చేయించాను. ప్లాస్టిక్ నీళ్ల సీసా పైభాగం కోసి, దాన్నే తలకిందులు చేసి గరాటులా పెడితే అయిపోయింది. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి చిన్న రాళ్లు వేసి, ఒక గీత దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా పెట్టాలి. స్కేలు కాగితం అంటిస్తే సరి. వాన పడిన మర్నాడు ఎనిమిదిన్నరకు రీడింగు. రెండో వారానికే తండాలో తగువు వచ్చింది. పెద్దవాళ్లు వానను మిల్లీమీటర్లలో కొలవరు, పదునులో కొలుస్తారు. "ఇత్తనం పదును అయింది" అంటే తడి నేలలోకి ఎంత దిగిందో వాళ్లకు తెలుసు. పిల్లలు "నిన్న పద్దెనిమిది మిల్లీమీటర్లు" అంటే తాతలు నవ్వారు. అప్పుడు పిల్లలు పార తీసుకుని ఎర్రనేలలో, నల్లనేలలో గుంటలు తవ్వి, అదే వానకు తడి ఎక్కడ ఎంత లోతు దిగిందో కొలిచి చూపించారు. నవ్విన తాతలే మరుసటి వానకు "ఏమిరా, ఎంత పడిందంట" అని అడగడం మొదలుపెట్టారు. మృగశిర, ఆరుద్ర కార్తెల లెక్క కూడా అక్కడే పాఠమైంది. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు అని వాళ్లకు ఖగోళం చెప్పడానికి వేరే సందర్భం అక్కర్లేదు.

లెక్క కూడా ఇందులోనే ఉంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన బడి పైకప్పు వంద చదరపు మీటర్లయితే, ఏడాదికి 550 మిల్లీమీటర్లంటే యాభై అయిదు వేల లీటర్లు. ఈ లెక్క వేసిన రోజు ఒక పిల్లవాడు పైకి చూసి, "సార్, ఇన్ని నీళ్లు యాడికి పోతాన్నాయి" అన్నాడు. వెయ్యి అడుగుల బోరు వేసి అప్పులపాలైన ఇంటి పిల్లవాడు వాడు.

శెనక్కాయ గురించి చెప్పకపోతే ఈ జిల్లాలో సైన్సు చెప్పినట్టు కాదు. పూత నేల మీద, కాయ నేల కింద. ఊడలు దిగే దశలో చెట్టు పీకి చూపిస్తే వృక్షశాస్త్రం సగం అయిపోతుంది. వేర్ల మీది బుడిపెలను బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. గులాబీ రంగు ఉంటే అందులో రైజోబియం బతికి పని చేస్తోందని, గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తోందని అర్థం. తెల్లగానో పచ్చగానో ఉంటే పని చేయడం లేదని. పొలంలో పది చెట్లు పీకి లెక్క పెట్టమంటే అది ప్రాజెక్టు. దీనికి నిధులు అక్కర్లేదు, సెలవులు కూడా అక్కర్లేదు.

ఇక మన సొంత సంగతులు. తీజ్ పండుగ ఉంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో ఎరువు కలిపిన మన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. పండుగ పండుగే, అందులో వేలు పెట్టే పని నాకు లేదు. కానీ విత్తనం మొలకెత్తడానికి నీరు, గాలి, తగిన వేడి చాలునని, మొలకెత్తడానికి వెలుతురు అవసరం లేదని, పచ్చబడడానికి మాత్రం కావాలని చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగం ఏ పుస్తకంలో ఉంది? ఏడో తరగతి ఆడపిల్లలు బడిలో రెండు చిన్న బుట్టలు వేరేగా పెట్టారు, ఒకటి కిటికీ దగ్గర, ఒకటి బీరువాలో. బీరువాలోది పొడుగ్గా, సన్నగా, పసుప్పచ్చగా పెరిగింది. "వెలుతురు వెతుక్కుంటా పొడుగైపోయింది సార్" అని వాళ్లే చెప్పారు. ఆ తరగతిలో అప్పటిదాకా నోరు విప్పని పిల్లలు వాళ్లు. ఆ రోజు మిగతా పిల్లలకు వాళ్లే టీచర్లు. మన పండుగ గురించి మనల్ని అడిగి తెలుసుకునే పరిస్థితి ఊరి పిల్లలకు వచ్చిందంటే అది చిన్న విషయం కాదండీ.

మన ఆడవాళ్ల ఫేట్యా, కాంచళి మీద అద్దాలున్నాయి. అవి సమతల దర్పణాలు. రెండు అద్దాల ముక్కలను పుస్తకంలా తెరిచి నిలబెట్టి, మధ్యలో ఒక పూస పెట్టండి. అద్దాల మధ్య కోణం తొంభై డిగ్రీలుంటే మూడు ప్రతిబింబాలు, అరవై ఉంటే అయిదు, నలభై అయిదు ఉంటే ఏడు. మూడు వందల అరవైని కోణంతో భాగించి ఒకటి తీసేయడమే సూత్రం. సూత్రం నేను చెప్పలేదు, లెక్కబెట్టి వాళ్లే కనుక్కున్నారు. సాంద్రత చెప్పడానికి మన పూర్వీకుల ఎద్దుల బిడారు పనికొచ్చింది. ఎద్దు మీద ఉప్పు గోనె ఎంత చిన్నది, అంతే బరువున్న పత్తి గోనె ఎంత పెద్దది అని అడిగితే చాలు.

ఇలా చెప్పడం నా సొంత తెలివి అనుకోకండి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పల్లె బడుల్లో ప్రయోగాలతోనే సైన్సు చెప్పే కార్యక్రమం మొదలైంది. ముప్పై ఏళ్లు నడిచి, 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. అక్కడి నుంచి వచ్చిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో చేసిన నమూనాలు మనదాకా వచ్చాయి. మన దగ్గర 1988 నుంచి జన విజ్ఞాన వేదిక ఉంది. ఆ దారిలో నేను చేసిన చేర్పు ఒక్కటే, అది తండా నుంచి రావాలని.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఒకటి చెప్పి సాంకేతికం సంగతికి వస్తాను. ఏడాదికి రెండు రోజులు మన వైపు మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ ఉండదు. ఒకటి ఏప్రిల్ చివర, అప్పుడు బడులుండవు. రెండోది ఆగస్టులో. గుత్తిలో 11వ తేదీ ప్రాంతంలో, అనంతపురంలో 12, 13 ప్రాంతంలో, హిందూపురంలో 15, 16 ప్రాంతంలో. అంటే స్వాతంత్ర్య దినం నాడు హిందూపురంలో జెండా కర్రకు నడిమధ్యాహ్నం దాదాపు నీడ ఉండదు. అదీ పన్నెండు గంటలకు కాదు, పన్నెండూ ఇరవై అయిదు ప్రాంతంలో. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి అయిదు డిగ్రీల పడమర ఉన్నాం కాబట్టి. "గడియారంలో పన్నెండు వేరు, సూర్యుడి పన్నెండు వేరు" అని తెలిసిన రోజు పిల్లల మొహాలు చూడాలి.

గుత్తి, హిందూపురం రెండూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఉత్తర దక్షిణాలుగా మధ్య దూరం సుమారు 143 కిలోమీటర్లు. ఒక ఏడు ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక అక్కడొక బడి, ఇక్కడొక బడి ఫోన్లో మాట్లాడుకుని రెండు మీటర్ల కర్రలు నిలబెట్టాం. మబ్బులు కాసేపు ఆడించాయి. హిందూపురంలో నీడ లేదు. మా దగ్గర నీడ అయిదు సెంటీమీటర్లు అని పిల్లలు కొలిచారు. ఆ లెక్కన భూమి చుట్టుకొలత 36 వేల కిలోమీటర్ల దగ్గర తేలింది. అసలు సంఖ్య 40 వేలు. అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే నాలుగు వేల కిలోమీటర్లు మారిపోతుందని తెలిశాక పిల్లలు స్కేలును భక్తిగా పట్టుకున్నారు. రెండు వేల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ వేసిన లెక్క ఇదే. తండా పిల్లలు భూమిని కొలిచారండీ, రెండు కర్రలతో.

సాంకేతికం. ఇక్కడ నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. నేను పని చేసిన ఒక హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. నేర్పడానికి ఒక కుర్రవాణ్ని కాంట్రాక్టు మీద పెట్టారు. కాంట్రాక్టు అయిపోయింది, కుర్రవాడు వెళ్లిపోయాడు, గదికి తాళం పడింది. తాళం చెవి భద్రంగా ఉంది, కంప్యూటర్లను ఎలుకలు తిన్నాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబులో పాఠం అందంగా ఉంటుంది, బొమ్మలు కదులుతాయి. కానీ అది కూడా ఇంగ్లీషులోనో పుస్తకం తెలుగులోనో మాట్లాడుతుంది. పిల్ల దాన్ని ప్రశ్న అడగలేదు. నేను ఏం చేశానంటే, ట్యాబులో కెమెరా ఉంది కదా, ఇంట్లో అవ్వను గానీ తాతను గానీ ఒక విషయం అడిగి, మన భాషలోనే రికార్డు చేసుకుని రమ్మన్నా. చల్ల చిలికితే వెన్న ఎందుకు పైకి వస్తుంది, జొన్నలకు బూడిద ఎందుకు కలుపుతారు, వాన వచ్చే ముందు చీమలు ఏం చేస్తాయి. వాటిలో ఏది నిజం, ఏది నమ్మకం, ఎలా పరీక్షించాలి అన్నది మర్నాటి పాఠం. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. అవ్వ చెప్పిందల్లా సైన్సే అని నేను అనను. పరీక్షకు నిలిచిందే సైన్సు.

చుట్టూ చూస్తే మన వైపు సాంకేతికం తక్కువేం లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, ఎన్.పి.కుంట దగ్గర సోలార్ పార్కు ఉంది, వజ్రకరూరులో వజ్రాలు పైకి తెచ్చిన కింబర్లైట్ రాయి ఉంది, 1946లో మొదలైన అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల ఇప్పుడు జేఎన్‌టీయూ అయింది. గాలిమర కింద మన వాళ్లు కాపలా ఉద్యోగం చేస్తున్నారు, వజ్రకరూరు చేలల్లో తొలకరికి రాళ్లు ఏరుతున్నారు. ఆ మర ఎందుకు తిరుగుతోందో లెక్క కట్టే ఉద్యోగంలో మనవాళ్లు ఎంతమంది?

ఎందుకు లేరంటే, శెనక్కాయ పీకుడు అయిపోగానే ఇల్లు బెంగళూరుకు కదులుతుంది. పిల్లలు అవ్వల దగ్గర మిగులుతారు, లేదా వెంట పోతారు. దసరా తర్వాత హాజరు పట్టీ చూస్తే గుండె చెరువవుతుంది. విద్యుత్తు, ఆమ్లాలు క్షారాలు, వంశపారంపర్యం లాంటి బరువైన పాఠాలు చెప్పుకునే నెలలవే. సీజనల్ హాస్టళ్లు కొంత ఆదుకున్నాయి. ఆడపిల్లల విషయంలో ఇంకొకటి ఉంది, అది మీకందరికీ తెలుసు, నేను పేరు పెట్టి చెప్పక్కర్లేదు. పదో తరగతి ఫలితాలు వచ్చే వేసవిలోనే పెళ్లి మాటలు మొదలవుతాయి. తీజ్ బుట్టలతో పాఠం చెప్పిన ఆ ఏడో తరగతి పిల్లల్లో ఇద్దరికి ఇంటర్మీడియట్ చేరకముందే పెళ్లిళ్లయ్యాయి. నేను ఆ పెళ్లిళ్లకు భోజనానికి పిలుపు అందుకున్నాను, వెళ్లలేదు. ఒక పాప బైపీసీ చదివి ఇప్పుడు నర్సింగులో ఉంది.

కాబట్టి సంఘం పెద్దలను మూడు పనులు అడుగుతున్నాను. మొదటిది, పదో తరగతి పరీక్షలు అయిన మర్నాటి నుంచి ఇంటర్ చేరే రోజు దాకా ఉన్న రెండు నెలలు మన పిల్లలకు లెక్కలు, భౌతికశాస్త్రం పునాది తరగతులు పెడదాం. చోటు చూపించండి, నేను వస్తాను. నాతో పాటు రిటైరైన ఇద్దరు ముగ్గురు వస్తామన్నారు. ఆ రెండు నెలలు పిల్ల పుస్తకం ముందు ఉంటే పెళ్లి మాట కొంచెం ఆగుతుంది కూడా.

రెండోది, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ గురించి ప్రతి తండాలో చెప్పండి. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజనీరింగ్ చదువులో చేర్చుకుంటారు. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అదనపు పాయింట్లు ఉన్నాయి, మన రిజర్వేషను ఎలాగూ ఉంది. దరఖాస్తు గడువు దాటిపోయాక నా దగ్గరికి వచ్చిన తండ్రులు ఎంతమందో.

మూడోది నా దగ్గరున్న మూడు నోటు పుస్తకాలు. పిల్లలు పోగు చేసిన మాటలు అందులో ఉన్నాయి. సైన్సు మాట తెలుగులో ఒక పక్క, దాన్ని తండాలో ఎలా చెబుతారో తెలుగు లిపిలో ఇంకో పక్క. గుత్తి వైపు ఒకలా, కదిరి వైపు ఒకలా అంటారు, రెండూ రాసుకున్నాం. ఖాళీలు చాలా ఉన్నాయి. ఇవి సంఘానికి ఇస్తున్నాను. టైపు చేయించి, తండా బడుల్లో పనిచేసే టీచర్లకు, ముఖ్యంగా మన భాష రాని టీచర్లకు అందేలా చూడండి. వాళ్లు అడుగుతున్నారు, "సార్, 'ఎందుకు' అని మీ భాషలో ఎలా అడగాలి" అని.

పిల్లలూ, భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద ఉంటాను. కాంతి పాఠంలో అనుమానాలున్నవాళ్లు రండి, రెండు అద్దాలు తెచ్చాను.